అడుగని జాబులు

ఉత్తరమునకు తపాలా బిళ్ల నంటింపక పెట్టెలో వేయువానిని మనవారు మర్యాదస్థుడని యెన్నడును తలంపలేదు. అట్టి జాబునకు బేరింగు జాబని పేరు. దానిని తెచ్చిన తపాలా బంట్రోతు వాకిట నిలువబడి, లోటుపడిన రుసుమునకు రెట్టింపు సొమ్మును అందుకొనువారిచేత కట్టించుకొనును. వ్రాసినవాడొకడు, వెల యిచ్చువాడు మఱియొకడు. అయినను ఆ పద్ధతిలో ఒక న్యాయము మిగిలియుండెను: ఇష్టము లేనివారు "మాకక్కఱలేదు" అని త్రిప్పి పంపవచ్చును. నేడు ఈమెయిలు రూపమున దినదినము మన యిండ్లలోనికి వచ్చిపడుచున్న అడుగని జాబుల విషయమున ఆ పాటి న్యాయమును లేదు. వెల మనది, త్రిప్పి పంపు స్వాతంత్ర్యము మాత్రము మనది కాదు.

ఇంగ్లండు దేశమున 1840వ సంవత్సరమునకు పూర్వము జాబు రుసుమును సాధారణముగా అందుకొనువారే చెల్లించుచుండిరి. ఆ యేట రోలండ్ హిల్ చేసిన సంస్కరణమువలన పెన్నీ తపాలా నెలకొని, పంపువాడే ముందుగా వెల నిచ్చుట ఆచారమయ్యెను. మన దేశమున 1854లో దూరముతో నిమిత్తము లేని రుసుము నేర్పఱచినప్పుడు, ముందుగా చెల్లింపని జాబునకు రెట్టింపు విధించిరి. ఇది లెక్కల మార్పు మాత్రమే కాదు. ఇందొక నీతి యున్నది. తన సొమ్ము వ్యయమగునపుడు మనుష్యుడు ఎవరికి వ్రాయవలెను, ఎందులకు వ్రాయవలెనని యొకసారి ఆలోచించును. ఈమెయిలు ఆ నీతిని తలక్రిందులు చేసినది. ఒక జాబు పంపుటకును, పదిలక్షల జాబులు పంపుటకును పంపువాని వ్యయములో గొప్ప భేదము లేదు. ఆ జాబులను మోయు యంత్రములు, వానికి కావలసిన విద్యుత్తు, మంచిచెడుగుల నేఱు శ్రమ, చదివి తుడిచివేయు కాలము, ఈ భారమంతయు అందుకొనువారి పక్షముననే పడుచున్నది. నూట యెనుబది యేండ్లకు పూర్వము తపాలా సంస్కర్తలు తొలగించిన అన్యాయమును మనము నాగరకతయను పేరిట మరల నింటికి తెచ్చుకొంటిమి.

ఈ కీడు ఎవరికిని తెలియక వచ్చినది కాదు. అక్కఱలేని సందేశములను ఏరి నిరాకరించు సాధనము అందుకొను యంత్రమునకు లేదని 1975 నవంబరులోనే జాన్ పోస్టెల్ అను శాస్త్రజ్ఞుడు ఒక చిన్న వ్రాతలో హెచ్చరించెను. 1978 మే నెలలో డిజిటల్ ఈక్విప్‌మెంట్ అను కంపెనీ యుద్యోగి గ్యారీ థర్క్, ఆర్పానెట్ అను అమెరికా యంత్రజాలమున సుమారు 400 మందికి తమ కంప్యూటర్ల ప్రకటనను ఒకేసారి పంపి చీవాట్లు తినెను. అయినను 1982లో ఈమెయిలు రవాణాకై వ్రాసిన నియమములలో, పంపువాడు చెప్పుకొన్న పేరు నిజమా కాదాయని పరీక్షించు నేర్పాటు లేకపోయెను. ఒకరినొకరు ఎఱిగిన పండితుల పరిషత్తునకు ఆ నమ్మకము చాలెను; ప్రపంచపు సంతకు చాలలేదు. 1994 ఏప్రిలులో అరిజోనా రాష్ట్రమునందలి యిద్దఱు న్యాయవాదులు, అమెరికా స్థిరనివాసపు లాటరీని గూర్చిన ప్రకటనను యూజ్‌నెట్ చర్చామండలులలో వేలకొలది చోట్ల గ్రుమ్మరించిరి.

ఈ చెత్తకు స్థిరపడిన "స్పాము" అను పేరు డబ్బాలలో నమ్ము నొక మాంసముది. 1970లో ఇంగ్లండు టెలివిజనులో వచ్చిన యొక ప్రహసనమున, భోజనశాలకు పోయినవారు వలదన్నను ఇంచుమించు ప్రతి వంటకములోను ఆ మాంసమే వచ్చును. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. ఈ వర్తకులు అమ్మకంటె ఉదారులు కాబోలు, అడుగకయే వడ్డించుచున్నారు. విస్తరిపై చేయి యడ్డము పెట్టినను వడ్డన మానకున్నారు.

"ఇంతమాత్రమునకు ఇంత రోషమేల? ఒక్క మీట నొక్కి తుడిచివేసిన చాలదా?" అని కొందఱు బుద్ధిమంతులు పలుకుదురు. వారు ఈ లెక్కను చిత్తగింతురుగాక. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఇట్టి జాబులు పంపు నొక యంత్రకూటములో ప్రవేశించి, మందుల ప్రకటనల గతిని కనిపెట్టిరి. 26 దినములలో పోయిన జాబులు ఇంచుమించు 35 కోట్లు. వానిని చూచి కొనుటకు సిద్ధపడినవారు 28 మంది. అనగా ఒక్క బేరమునకు కోటి యిరువదియైదు లక్షల జాబులు! ఆ 35 కోట్లలో సుమారు 8 కోట్లను అవతలి సర్వర్లు స్వీకరించినవి. వానిలో సగమే మనుష్యుల కంటబడిన వనుకొందము. ఒక్కొక్కదానిని తుడిచివేయుటకు ఒక్క సెకనే పట్టు ననుకొందము. నాలుగుకోట్ల సెకనులనగా, ఒక మనుష్యుడు నిద్రాహారములు మాని రాత్రింబవళ్లు ఒక సంవత్సరము మూడు నెలలు చేయవలసిన పని. ఇరువదియెనిమిది బేరములకై లోకుల యాయువులో నింత హరించుట వర్తకమా? సంతలో తలకొక పైసా చొప్పున అందఱి జేబులను కత్తిరించినవాడు "పైసాయే గదా" యన్నచో మనము విడిచిపెట్టుదుమా?

కాలనష్టము చిన్న కీడు. నమ్మకము చెడుట పెద్ద కీడు. బ్యాంకు పేరు పెట్టుకొని రహస్యసంకేత మడుగు జాబు, ఆదాయపు పన్ను తిరిగి యిచ్చెదమని పిలుచు జాబు, విద్యుత్తు నిలిపివేసెదమని బెదిరించు జాబు, పరదేశమున దిక్కులేక చనిపోయిన ధనవంతుని యాస్తిలో భాగమిచ్చెదమను జాబు, ఇవియన్నియు ఈ దారినే వచ్చుచున్నవి. వీనికి చిక్కువారిని తెలివితక్కువవారని నవ్వుట సులభము. కాని పింఛను సొమ్ముపై బ్రతుకు వృద్ధులు, పెద్దదిక్కు పోయి లెక్కలన్నియు తామే చూచుకొనవలసివచ్చిన స్త్రీలు, ఉద్యోగము కొఱకు ప్రతి జాబును ఆశతో తెఱచు యువకులు ఈ వలలో చిక్కుచున్నారు. తొమ్మిదివందల తొంబదితొమ్మిది జాబులను తెలివితో త్రోసివేసినవాడును వేయవదానిచే మోసపోవచ్చును. వంచకుడు ఒక్కసారి గెలిచిన చాలును. గృహస్థు ప్రతిదినము గెలువవలయును. ఇట్టి యసమానమైన పోరాటములో "జాగ్రత్తగా నుండుడు" అని బోధించి యూరకుండుట, వీథిదీపము వెలిగింపక బాటసారిని నిందించుట వంటిది.

ఇక జల్లెడల సంగతి. పదునెనిమిదవ శతాబ్దపు థామస్ బేయస్ సంభావ్యతా సూత్రము ననుసరించి, జాబులోని మాటలనుబట్టి చెత్త నేఱు పద్ధతిని 2002లో పాల్ గ్రాహమ్ అను నతడు వివరించి ప్రచారములోనికి తెచ్చెను. దానివలన మేలు కలిగెను, కాదనరాదు. 2004 జనవరిలో దావోస్ సభయందు బిల్ గేట్స్ రెండేండ్లలో ఈ పీడ విరగడయగునని జోస్యము చెప్పెను. రెండు దశాబ్దములు గడచినను పీడ పోలేదు. జల్లెడ కన్నములు సన్నపఱచినకొలది దొంగ మాటలను వంకరగా వ్రాయును, అక్షరములకు బదులు చిత్రమును పంపును. అంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి కలదు: జల్లెడ మంచి జాబును గూడ చెత్తలో వేయును. ఉద్యోగపు పిలుపో, ఆసుపత్రి నివేదికయో, దూరదేశమునందున్న కుమారుని జాబో చెత్తలో పడియుండి గడువు దాటిన పిమ్మట కనబడినచో, ఆ నష్టమునకు జవాబుదారి యెవరు?

తపాలా బిళ్లనే మరల తేవలెనని యత్నించిన బుద్ధిశాలులును కలరు. 1992లో సింథియా డ్వార్క్, మోనీ నావోర్ అను శాస్త్రజ్ఞులు, ప్రతి జాబునకును పంపువాని యంత్రము ఒక చిన్న లెక్క చేసి తీరవలెనని సూచించిరి; 1997లో ఆడమ్ బ్యాక్ అట్టిదే హ్యాష్‌క్యాష్ అను ఉపాయమును వెలువరించెను. ఒక జాబునకు ఆ శ్రమ లెక్కలోనిది కాదు. కోటి జాబులకు మోయరానిది. ఉపాయము చక్కనిదే, కాని దొంగ తన యంత్రముతో పంపడుగదా! ఇతరుల కంప్యూటర్లను లోబఱచుకొని వానిచేత పంపించును. పరుల యెడ్లతో దున్నువానికి గడ్డి వెలతో పనియేమి? కావున యంత్రము వెలను మరల తేజాలకపోయెను. పంపువాని చేయి నాపు వెల నేడు ఒక్కటే మిగిలియున్నది: అందుకొనువారి యనుమతి. అనుమతియే నేటి తపాలా బిళ్ల.

ఈ ధర్మమును కొన్ని దేశములు గ్రహించినవి, కొన్ని గ్రహింపలేదు. 2003 డిసెంబరులో అమెరికా చేసిన క్యాన్‌స్పామ్ చట్టము కపటపు శీర్షికలను, దొంగ చిరునామాలను నిషేధించెను గాని, ముందుగా అడుగవలెననలేదు. అందుకొనువాడు వలదనువరకు పంపవచ్చుననెను. వలదన్న పిమ్మటను మానుటకు పది పనిదినముల గడువిచ్చెను. అదే యేట కాలిఫోర్నియా రాష్ట్రము అనుమతి లేనిదే పంపరాదని చేసికొన్న కఠిన శాసనమును ఈ కేంద్ర చట్టము అమలునకు రానీయలేదు. ఐరోపా సమాఖ్య 2002 నాటి యాదేశములోను, ఆస్ట్రేలియా 2003 చట్టములోను, కెనడా 2014 జూలైలో అమలుచేసిన చట్టములోను, కొన్ని సడలింపులతోనైనను, ఇందుకు విరుద్ధమైన మార్గమును త్రొక్కినవి: మొదట అనుమతి, పిమ్మట జాబు. భేదము చిన్నది కాదు. మొదటి పద్ధతిలో తలుపు తెఱచియే యుండును. వచ్చినవారి నొక్కొక్కరిని వెలుపలికి పంపు శ్రమ గృహస్థుది. రెండవదానిలో తలుపు మూసియుండును. తట్టి యడుగు శ్రమ వచ్చువానిది. పైగా దొంగజాబులోని "ఇక పంపవలదు" అను మీటను నొక్కినచో, ఈ చిరునామాలో మనుష్యులున్నారని దొంగకు మనమే తెలిపినట్లగును.

"శాసనము పెద్దమనుష్యులను కట్టును గాని పరదేశపు దొంగలనేమి చేయును?" అని యాక్షేపింతురు. దొంగకును ఒక నెలవు, ఒక ఖజానా యుండక తప్పదు. 2008 నవంబరులో కాలిఫోర్నియాలోని మెకోలో అను నొక్క కంపెనీకి ఇంటర్నెట్టు సంబంధమును త్రెంచినంతనే, ప్రపంచపు చెత్తజాబులలో ఇంచుమించు సగమో, అంతకంటె నెక్కువయో నిలిచిపోయెను. దొంగలు వేఱు తావులు చూచుకొని కొన్ని నెలలలో మరల విజృంభించిరి, నిజమే. కాని వారి నెలవులు అసంఖ్యాకములు కావని లోకమునకు తెలిసెను. 2011 నాటి యొక పరిశోధనమున, స్పాము ప్రకటించు మందులు, నకిలీ సరకులు, సాఫ్ట్‌వేరు అమ్మకములలో నూటికి 95 పాళ్ల సొమ్ము వ్రేళ్లపై లెక్కింపదగిన బ్యాంకుల ద్వారా నడచుచున్నదని తేలెను. జాబుల వెంటబడుటకంటె సొమ్ము వెంటబడుట సుకరము. ఆ పని గృహస్థుడు చేయలేడు, ప్రభుత్వము చేయగలదు.

మన ప్రభుత్వమేమి చేసినది? టెలిఫోను ప్రకటనలను వలదనువారి పట్టిక 2007లో ఏర్పడినది. టెలికం నియంత్రణ సంస్థ 2010లోను, 2018లోను నిబంధనలు చేసినది. 1909 అను సంఖ్యకు ఫిర్యాదు చేయవచ్చును. అవి ఫోనులకును, ఫోను సందేశములకును చెందినవి. ఈమెయిలునకు ప్రత్యేక శాసనము లేదు. 2008 సవరణమున చేర్చిన 66ఏ సెక్షనులో విసుగు కలిగించు ఈమెయిలు ప్రస్తావన యుండెను గాని, విసుగేదో నిర్వచింపబడకపోవుటచే ఆ సెక్షను అభిప్రాయములు చెప్పువారిపై ఆయుధమైనది. 2015 మార్చి 24వ తేదీన సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. కొట్టివేయుట న్యాయమే. ఎలుకపై కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొనరాదు. కాని ఆ నాటినుండి ఎలుకల మాటయే మఱచితిమి. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సమాచారమును వాడుటకు అనుమతిని మూలధర్మముగా గ్రహించినది; 2025 నవంబరులో దాని నియమములు వెలువడినవి. మంచిదే. కాని తన సమాచారమును తానే బహిరంగపఱచినవానికి ఆ చట్టపు రక్షణ లేదు. వైద్యుడో, ఉపాధ్యాయినియో తన చిరునామాను పనికొఱకు నలుగురికి తెలియజేసినచో, అది లోకమంతయు చెత్త పోయుటకు అనుమతి యగునా?

కావున మనము కోరవలసిన శాసనము చిన్నది, స్పష్టమైనది. వ్యాపార ప్రకటనలను మూకుమ్మడిగా ఈమెయిలు ద్వారా పంపుటకు ముందనుమతి యుండవలెను. అనుమతి యున్నదని ఋజువు చేయు భారము పంపువానిపై నుండవలెను. వస్తువు కొనునప్పుడు కనబడని యక్షరములలో ముందే గుర్తుపెట్టియుంచిన సమ్మతి చెల్లరాదు. పంపినవాడు దాగినను, ఎవని సరకు అమ్ముడుపోవుటకై జాబు వచ్చెనో వానిని బాధ్యుని చేయవలెను. జాబులోని యభిప్రాయమును ఎవరును విచారింపనక్కఱలేదు. అనుమతిని విచారించిన చాలును. అప్పుడు వాక్స్వాతంత్ర్యమునకు భంగము లేదు. మాటాడు స్వాతంత్ర్యము అందఱికి కలదు. పరుల యింటి వాకిట బలవంతముగా వినిపించు స్వాతంత్ర్యము ఎవరికిని లేదు.

శాసనము వచ్చువరకు మన చేతులు కట్టివేయబడలేదు. అడుగని జాబు చూచి ఏ వస్తువును కొనమని ప్రతి కుటుంబమును నియమము పెట్టుకొనవచ్చును. ఆ ఇరువదియెనిమిది మంది లేనినాడు ఆ కోట్ల జాబులకు ఫలము లేదు. అంతకంటె ముఖ్యమైనది మన సంఘముల సంగతి. సంస్కరణమునకై వెలసిన సభలు, గ్రంథాలయములు, పూర్వవిద్యార్థి మండలులు సభ్యుల చిరునామాల పట్టికను పరుల కిచ్చుట, అందఱి పేర్లు అందఱికి కనబడునట్లు ఆహ్వానములు పంపుట, ఒకసారి చందా యిచ్చినవారిని జీవితాంతము జాబులతో వెంటాడుట సామాన్యమైనది. ఉద్దేశము మంచిదైనంత మాత్రమున అడుగకపోవుట మర్యాద కాజాలదు. మన సంఘముల పట్టికలను ఈ నెలలోనే తెఱచి, ప్రతివారిని "మీకు పంపవచ్చునా?" అని ఒక్కసారి యడుగుదము, వలదన్నవారి పేరును ఆ దినముననే తొలగింతము. మనము పాటింపని ధర్మమును వర్తకులపై విధింపుమని శాసనసభలను కోరుటకు మనకు నోరెక్కడిది?