పసరు మందు, ఫిట్స్ బిళ్ళ

శావల్యాపురం హాస్టల్‌లో మాతో చదివిన ఒక తమ్ముడికి స్టడీ అవర్‌లో ఫిట్స్ వస్తే, మేమంతా చేసిన వైద్యం చేతిలో తాళాల గుత్తి పెట్టడం! సెలవులకు ఇంటికెళ్తే పెద్దలు బిళ్ళలు మాన్పించి పసరు పోయించారు. వారం తిరక్కుండానే మళ్ళీ పడిపోయాడు.

పసరును మేము ఎగతాళి చేయడం లేదు. ఫార్మసీ కాలేజీల్లో ఆకుల సారాన్ని ఎలుకలకు పట్టించి, చెవులకు క్లిప్పులు పెట్టి కరెంటు షాకిస్తారు. వెనక కాళ్ళు బిగుసుకోకపోతే అందులో గుణం ఉన్నట్టు లెక్క. 1938లో మెరిట్, పుట్నం ఫెనిటాయిన్‌ను ఇలాగే పిల్లుల మీద పరీక్షించి వెలుగులోకి తెచ్చారు. గంజాయి మొక్క నుంచి శుద్ధి చేసిన కన్నబిడియోల్‌కు 2018లో అమెరికా అనుమతిచ్చింది. అదీ రోగుల మీద పరీక్షలయ్యాకే, అరుదైన రెండు రకాల మూర్ఛలకే. (గంజాయి పీల్చమని కాదు సుమా!)

మరి మన పసరులో మందెంతో, విషమెంతో ఎవరు కొలిచారు? బైపీసీ తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆ కొలిచేవాళ్ళు మనలోంచి రావాలని మా ఆశ. అందాకా డాక్టరు చెప్పనిదే బిళ్ళ ఆపవద్దు. ఎవరైనా పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. తాళాలు వార్డెన్ గారి దగ్గరే ఉండనివ్వండి.