ఒక్కడే వందమందిగా నిలబడే క్యూ

సంక్రాంతికి హైదరాబాదు నుంచి గోదావరి జిల్లాలకు వచ్చే రైళ్ల రిజర్వేషను అరవై రోజుల ముందు, అంటే నవంబరు రెండో వారంలో, ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. గౌతమి, గోదావరి, నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లలో భోగికి ముందు రోజుల బెర్తులు నిమిషాల్లో నిండిపోయి వెయిటింగ్ లిస్టు కనిపిస్తుంది. పండగ రద్దీ కదా అని సరిపెట్టుకుంటాం. కానీ 2025 జూన్‌లో రైల్వే శాఖ చెప్పిన లెక్క చూస్తే అలా సరిపెట్టుకోవడం కష్టం. తత్కాల్ బుకింగ్ తెరుచుకున్న మొదటి 5 నిమిషాల్లో వచ్చే లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా మనుషులవి కావు, బాట్ ప్రోగ్రాములవి. అనుమానం ఉన్న యూజర్ ఐడీలను రెండున్నర కోట్లకు పైగా మూసేశామని కూడా ఆ శాఖే ప్రకటించింది. మనలాగే ఊరు వెళ్లాలనుకున్న ఇంకొకరికి బెర్తు దక్కితే అందులో అన్యాయం లేదు. ఒకే మనిషి వందమందిగా వేషం కట్టి ఆ బెర్తులు పట్టుకుపోతే అది అన్యాయమే.

ఆ వేషం ఎలా కడతారో తెలిస్తే విషయం స్పష్టపడుతుంది. రైల్వే టికెట్లు అమ్మే ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటులో ఒక ఐడీకి నెలకు 12 టికెట్లు, ఆధార్ జోడిస్తే 24. ఈ హద్దు దాటాలంటే వందల ఐడీలు కావాలి. అవన్నీ ఒకే కంప్యూటరు నుంచి లాగిన్ అయితే వెబ్‌సైటు పట్టేయగలదు. అది పాస్‌వర్డుతో ఆగదు. ఐపీ చిరునామా, తెర కొలత, కంప్యూటరులో ఉన్న ఫాంట్లు, గడియారం ఏ దేశానిది, గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీసే తీరు, ఇలాంటివన్నీ కలిపి ఒక గుర్తు తయారుచేసుకోగలదు. యాంటీ డిటెక్ట్ బ్రౌజర్లు చెరిపేది ఆ గుర్తునే. ఒకే యంత్రంలో వందల ప్రొఫైళ్లు తెరిచి, ఒక్కోదానికి వేరే కుకీలు, వేరే తెర, వేరే గడియారం కల్పిస్తాయి. ఒక్కో ప్రొఫైలుకు ఒక్కో ప్రాక్సీ, అంటే దాని బదులు వెబ్‌సైటుతో మాట్లాడే మధ్యవర్తి కంప్యూటరు, తగిలిస్తే చిరునామా కూడా వేరవుతుంది. అవతలి వైపు నుంచి చూసేవాడికి ఒకటి రాజమండ్రి ఇల్లు, ఇంకొకటి తణుకు ఇల్లు. టికెట్ దళారులు వాడే సాఫ్ట్‌వేర్లు అన్నీ ఇదే బాపతు అని అనను. వాటి సూత్రం మాత్రం ఇదే. వాటిని రాసేవాడు లోపలి మనిషీ కావచ్చు. 2017 డిసెంబరులో సీబీఐ అరెస్టు చేసిన తత్కాల్ సాఫ్ట్‌వేర్ తయారీదారు ఎవరో కాదు, సీబీఐలోనే పనిచేస్తున్న అసిస్టెంట్ ప్రోగ్రామరు. అంతకుముందు ఐఆర్‌సీటీసీలో పనిచేసినవాడు.

అయితే ప్రాక్సీలను, వీపీఎన్‌లను నిషేధించేస్తే పోతుందనే వాదనతో నేను ఏకీభవించను. తన చిరునామా దాచుకునే మనిషి వల్ల ఎవరికీ నష్టం లేదు. వార్త రాసే విలేఖరికి, వెంటాడే మాజీ భర్త నుంచి తప్పించుకునే స్త్రీకి, విదేశాల నుంచి కంపెనీ సర్వరులోకి వెళ్లే ఉద్యోగికి ఆ తెర అవసరం. ఒక క్లయింటు ఖాతా ఇంకొకదానితో కలవకుండా చూసుకునే ప్రకటనల సంస్థకు ఎక్కువ ప్రొఫైళ్లు కూడా అవసరమే. హాని ముఖం దాచుకోవడంలో లేదు. మనిషికి ఒకటి చొప్పున పంచాల్సిన దాని దగ్గర ఒకడు వంద ముఖాలు పెట్టుకోవడంలో ఉంది. కిటికీలోంచి ఒక్కడే పది తువ్వాళ్లు విసిరి బస్సులో పది సీట్లు ఆపితే, మన కోపం తువ్వాలు మీద కాదు కదా. ఈ తేడా చూడకుండా నిబంధనలు పెడితే ఏమవుతుందో 2022లో చూశాం. వీపీఎన్ సంస్థలు వినియోగదారుల వివరాలు 5 ఏళ్లు భద్రపరచాలని ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశిస్తే, ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, నార్డ్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్ లాంటివి భారతదేశంలోని తమ సర్వర్లు ఎత్తేశాయి. దొంగ ప్రాక్సీల బేరం ప్రధానంగా సాగేది ఆ దుకాణాల్లో కాదు.

చట్టం కూడా గురి సరిగ్గా చూసుకోలేదు. రైల్వే చట్టం 1989లోని 143వ సెక్షను అనుమతి లేకుండా టికెట్ల వ్యాపారం చేసేవారికి 3 ఏళ్ల వరకు జైలు, 10 వేల రూపాయల వరకు జరిమానా విధించవచ్చంటుంది. వందల దొంగ ఐడీలు సృష్టించి టికెట్లు అమ్మాడన్న ఆరోపణ ఉన్న కేరళ కేసులో, ఈ సెక్షను ఆన్‌లైన్ టికెట్లకూ వర్తిస్తుందని 2025 జనవరి 9న సుప్రీంకోర్టు తేల్చింది. మంచి తీర్పు. అయితే అదే తీర్పులో అధీకృత ఏజెంటు కేసు కూడా ఉంది. అతను నిబంధనలు మీరినా ఈ సెక్షను కిందికి రాడని, సివిల్ చర్యలే దారి అని కోర్టు చెప్పాల్సి వచ్చింది. కోర్టు చట్టంలో ఉన్న మాటే చెప్పింది, తప్పు దానిది కాదు. నేరం లైసెన్సు లేకపోవడం అన్నట్టు చట్టం రాసుకున్నాం. ఒకడు అనేకులుగా నటించడమే నేరమని రాసుకోలేదు. పార్లమెంటు మార్చాల్సింది ఈ వాక్యాన్నే.

ఆధార్ ధ్రువీకరణ ఈ విషయంలో సరైన దిక్కుకు వేసిన అడుగు. 2025 జులై నుంచి తత్కాల్‌కు ఆధార్ తప్పనిసరి అయింది. మొదటి అరగంట ఏజెంట్లకు బుకింగ్ లేదు. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి మామూలు రిజర్వేషనులోనూ మొదటి 15 నిమిషాలు ఆధార్ ఉన్న ఐడీలకే కేటాయించారు, తర్వాత ఆ వేళను ఇంకా పెంచారు. వంద తెరలు తెరవడం తేలికే, వంద ఆధార్‌లు సంపాదించడం తేలిక కాదు. దీనిమీద రెండు అభ్యంతరాలున్నాయి, రెండూ బరువైనవే. ఒకటి, ప్రతిదానికీ ఆధార్ అడిగితే మనిషి కదలికలన్నీ ఒకచోట పోగుపడతాయి. అందుకే కరువున్న ఆ కొద్ది నిమిషాలకే దాన్ని పరిమితం చేయాలి, మిగతా వేళలకు పాకనివ్వకూడదు. రెండు, ఫోను నంబరు ఆధార్‌కు కలపని ముసలివారు, వలస కూలీలు ఏమైపోవాలి? 2025 జూన్ నాటికి 13 కోట్ల ఐఆర్‌సీటీసీ వినియోగదారుల్లో ఆధార్ ధ్రువీకరణ అయినవారు కోటీ 20 లక్షలే. ధ్రువీకరణ కానివారి కోసం స్టేషను కౌంటరు మిగలాలి. పాలకొల్లులోనో తాడేపల్లిగూడెంలోనో నెట్ సెంటరు కుర్రాడు పెద్దావిడకు ఫారం నింపిపెట్టి, చెప్పిన రుసుము తీసుకుంటే అది సేవ. బెర్తులు ముందే పోగేసి ఆమెకే రెట్టింపు ధరకు అమ్మితే అది సేవ కాదు.

ఇంకొక నష్టం మన ఇళ్లలోనే జరుగుతోంది. నిజమైన ఇంటి కనెక్షనులా కనబడే ప్రాక్సీకి గిరాకీ ఎక్కువ. ఆ ఇల్లు ఎవరిది? 2024 మేలో అమెరికా అధికారులు కూల్చిన 911 ఎస్5 నెట్‌వర్కులో దాదాపు 200 దేశాల్లోని కోటీ 90 లక్షల ఐపీ చిరునామాలు ఉన్నాయి. ఉచిత వీపీఎన్ అని నమ్మి జనం దించుకున్న యాప్‌లే వారి కంప్యూటర్లను అద్దె ప్రాక్సీలుగా మార్చాయి. సొంతదారులకు తెలియకుండానే వారి చిరునామా మీదుగా మోసాలు సాగాయి. ఉచిత వీపీఎన్ దించుకునే మన పిల్లలకు ఇది చెప్పేవారు కావాలి.

అసలు కొరత బెర్తులది కదా, దళారి దాని నీడే కదా అని అడిగేవారు ఉన్నారు. నిజమే. కోటిపల్లి-నర్సాపురం లైను మంజూరై పాతికేళ్లు దాటింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మీద వంతెనలు దాటుకుని అది పూర్తయ్యే దాకా అమలాపురానికి రైలు లేదు. కోనసీమ మనిషి రాజమండ్రికో, కాకినాడకో, నర్సాపురానికో వచ్చి ఎక్కాల్సిందే. కానీ కొరత ఉన్నచోటే పంపకం న్యాయంగా ఉండాలి. బెర్తులు బోలెడు ఉంటే దళారికి పనేముంది? లైను పూర్తయ్యే దాకా రైల్వే శాఖ ఒక పని చేయగలదు. నవంబరులో సంక్రాంతి రిజర్వేషను తెరిచిన రోజుల్లో, గోదావరి జిల్లాల ఒక్కో రైలుకు మొదటి 15 నిమిషాల్లో ఎన్ని టికెట్లు ఎన్ని వేర్వేరు ఆధార్ ఐడీలకు వెళ్లాయో, ఎన్ని బాట్‌లను ఆపారో, తర్వాత ఎన్ని టికెట్లు రద్దయ్యాయో డివిజను వారీగా ప్రకటించాలి. ఆ లెక్క రైల్వే శాఖ దగ్గర ఉండాలి. దాన్ని మన ఎంపీలు అడగాలి.