మీ ఫొటోలో మీరే కనిపించాలి

మియాపూర్ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగ వేట మొదలుపెట్టిన విద్యార్థుల్లో చాలామందికి ఫొటో ఆఖరి నిమిషం పని. దరఖాస్తు గడువు రేపే అంటే ఈ రాత్రి స్టూడియోకు పరుగెడతారు. 'అన్నా, కొంచెం అర్జెంట్' అంటారు. పది నిమిషాల్లో ఫొటో చేతికొస్తుంది. అడగకుండానే రంగు కాస్త తెల్లబడి ఉంటుంది, మొటిమల మచ్చలు మాయమై ఉంటాయి. చూసుకుంటే బాగానే ఉందనిపిస్తుంది. కానీ అందులో ఉన్నది మీరేనా?

ఇది సరదాకి అడుగుతున్న ప్రశ్న కాదు. ఉద్యోగానికి పెట్టే ఫొటోకు అందంగా కనిపించడం కన్నా ముఖ్యమైన పని ఒకటుంది. రేపు పరీక్ష హాలుకో, ఇంటర్వ్యూకో వచ్చిన మనిషి, దరఖాస్తు పెట్టిన మనిషి ఒక్కరేనని అది చెప్పాలి. బ్యాంకు పరీక్షల్లో అప్‌లోడ్ చేసిన ఫొటోతో ముఖాన్ని సరిచూస్తారు. ఒకరి బదులు ఇంకొకరు ఇంటర్వ్యూకు కూర్చునే మోసాలు బయటపడ్డాక ఐటీ కంపెనీలు కూడా వీడియో కాల్‌లో కనిపించే ముఖాన్ని గుర్తింపు కార్డుతో పోల్చి చూస్తున్నాయి. ఏ తప్పూ చేయని మీరు, టచప్ ఎక్కువైన ఒక్క ఫొటో వల్ల సంజాయిషీ చెప్పుకోవాల్సిన పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి?

రంగు సంగతీ మాట్లాడుకుందాం. చామనఛాయగా ఉన్నామని ఫొటో తెల్లగా చేయించుకునేవాళ్లు మనలో తక్కువేం లేరు. తెలుపే అందమని దశాబ్దాల పాటు చెప్పిన ప్రకటనల ప్రభావం అది. విమర్శలు పెరిగాక హిందుస్థాన్ యూనిలీవర్ సంస్థే 2020లో 'ఫెయిర్ అండ్ లవ్లీ' పేరులోంచి 'ఫెయిర్' అనే మాట తీసేసింది. క్రీము డబ్బా మీద మారిన మాట మన మనసులోనూ మారాలి. స్టూడియోలో కూర్చోకముందే చెప్పండి: 'అన్నా, వెలుతురు సరిచేయండి, రంగు మార్చొద్దు'. ఏఐ యాప్‌లు కోటు తొడిగి, దవడ చెక్కి ఇచ్చే ఫొటోలకూ ఇదే మాట వర్తిస్తుంది.

ఇక ఎలా సిద్ధం కావాలో చూద్దాం.

ముందు ఫొటో దేనికో తేల్చుకోండి. ఒకే ఫొటో అన్నిటికీ పనికిరాదు. ఐబీపీఎస్ దరఖాస్తుకు లేత రంగు, వీలైతే తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ కావాలి. 4.5 x 3.5 సెంటీమీటర్లు, 200 x 230 పిక్సెళ్లు, ఫైలు 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 2024లో తెచ్చిన కొత్త పద్ధతిలో ఫొటోను దరఖాస్తు చేసేటప్పుడే లైవ్‌గా తీసుకుంటారు. టోపీ, కళ్లజోడు ఉండకూడదు. అంటే ఆ రోజు మీ గదిలో వెలుతురు, వెనక గోడ కూడా మీరే చూసుకోవాలి. లింక్డిన్ అయితే ఫొటోను గుండ్రంగా కత్తిరించి చూపిస్తుంది కాబట్టి తల చుట్టూ కొంత ఖాళీ వదలాలి. అక్కడ చిన్న చిరునవ్వు ఉంటే మంచిదే. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ప్రతిసారీ నోటిఫికేషన్ చదవండి.

కటింగ్, ఐబ్రోస్, ఫేషియల్ లాంటివి అదే రోజు పెట్టుకోవద్దు. మూడు నాలుగు రోజుల ముందు పూర్తిచేస్తే జుట్టు కుదురుకుంటుంది, చర్మం మీది ఎరుపు తగ్గుతుంది. ముందురోజు రాత్రి నిద్ర చాలినంత ఉండాలి. గడ్డం ఉంచుకోవాలా వద్దా అంటే, ఇంటర్వ్యూకు ఎలా వెళ్తారో అలాగే ఉండండి.

తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల చొక్కా కలిసిపోతుంది. లేత నీలం, ముదురు నీలం, మెరూన్ లాంటి ఒకే రంగు బట్టలు నయం. సన్నటి గీతలు, చిన్న గళ్లు కెమెరాలో అలలు అలలుగా కనిపిస్తాయి. కోటు కోసం అప్పు చేయక్కర్లేదు. ఇస్త్రీ చేసిన కాలర్ చొక్కా, కుర్తా, చీర ఏదైనా చాలు. దాన్ని తొడుక్కుని ఎండలో బయల్దేరకుండా కవర్లో తీసుకెళ్లి స్టూడియోలో మార్చుకోండి. దువ్వెన, కర్చీఫ్ వెంట ఉంచుకోండి. జిడ్డు తుడుచుకుంటే ముఖం మీద మెరుపు తగ్గుతుంది.

కెమెరా ముందు వీపు నిటారుగా పెట్టి, భుజాలు వదులుగా ఉంచి, చూపు నేరుగా లెన్స్ వైపు పెట్టండి. రోజూ కళ్లజోడు పెట్టుకునేవారు లింక్డిన్ కోసం దానితోనూ, దరఖాస్తుల కోసం అది లేకుండానూ తీయించుకోండి. అద్దాల్లో లైటు మెరిస్తే తల కొద్దిగా వంచితే పోతుంది. రేటు ముందే మాట్లాడుకుని, ప్రింట్లతో పాటు ఎడిట్ చేయని ఒరిజినల్ ఫైలు కూడా అడిగి తీసుకోండి. సైజు ఎప్పుడు ఎలా కావాలన్నా అందులోంచే చేసుకోవచ్చు.

స్టూడియోకు డబ్బులు లేకపోతే ఆగిపోవద్దు. ఉదయం పూట కిటికీకి ఎదురుగా, లేత రంగు గోడకు కాస్త ముందు నిలబడండి. సెల్ఫీ వద్దు, దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా కనిపిస్తుంది. రూమ్మేట్‌ని ఐదారడుగుల దూరంలో నిలబెట్టి, ఫోన్‌ను మీ కళ్ల ఎత్తులో పట్టుకుని వెనక కెమెరాతో తీయమనండి.

ఇంకో మాట. కంపెనీ అడగకపోతే రెజ్యూమెలో ఫొటో పెట్టనక్కర్లేదు. రూపాన్ని బట్టి వివక్షకు తావు ఉండకూడదని అమెరికాలో సమాన ఉపాధి అవకాశాల కమిషన్ అభ్యర్థుల ఫొటోలు అడగొద్దని యజమానులకు సూచిస్తోంది. ఆ ఖాళీలో మీ ప్రాజెక్టు గురించి రెండు లైన్లు రాస్తే అవే ఎక్కువ మాట్లాడతాయి.

రేపు మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లినప్పుడు, ఎదుటివారు ఫైలు చూసి తలెత్తగానే మిమ్మల్ని గుర్తుపట్టాలి. ఫొటో పని అక్కడితో అయిపోతుంది. మిగతా అరగంట మీది.