ఆరు నెలల సూత్రం అటకెక్కాలి

వేసవి సెలవులు అయిపోయి బడులు తెరిచే వారం వచ్చిందంటే చాలు, ఇళ్లలో ఒకటే మంత్రం: ఆరు నెలలుగా ముట్టుకోని వస్తువు ఏదైనా సరే, తీసి అవతల పారేయ్. యూట్యూబులో అదే చెబుతున్నారు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో అదే తిప్పుతున్నారు, చదువుకున్నవాళ్లు సైతం తలూపుతున్నారు. ఈ మాటను మన క్యాలెండర్ పక్కన పెట్టి చూసినవాళ్లు ఎందరు?

మనమే చూద్దాం. తెలుగు రాష్ట్రాల్లో బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. అప్పటికి ఆరు నెలలుగా చెయ్యి పడనివి ఏవి? గొడుగులు, రెయిన్‌కోట్లు. వినాయక చవితికి కట్టిన పాలవెల్లి మళ్లీ అటకెక్కి తొమ్మిది నెలలు. దీపావళి, కార్తీకం ప్రమిదలు కడిగి దాచి ఆరేడు నెలలు. దసరాకి కొలువు పెట్టే ఇళ్లలో బొమ్మలు అప్పటి నుంచీ పెట్టెలోనే ఉన్నాయి. సూత్రం ప్రకారం ఇవన్నీ చెత్త! మృగశిర కార్తె వచ్చేశాక గొడుగు పారేయమని చెప్పేది ఏం సూత్రం? పండగతో, కార్తెతో సామాను మారే ఇల్లు మనది. ఏడాదికోసారి మాత్రమే పనికొచ్చే వస్తువు ఆ ఒక్కసారికి లేకపోతే మళ్లీ కొనాల్సిందే. సర్దుకోవడం అంటే కొన్నదాన్నే మళ్లీ కొనడమా?

‘సరే, ఆరు నెలలు కాదు, ఏడాది’ అని బేరానికి దిగుతారు. అదీ నిలవదు. పురిటికి వచ్చిన ఆడపిల్ల కోసం దించే ఉయ్యాల, పెళ్లికో ఉపనయనానికో తీసే గుండిగ ఏడాది లెక్కకు ఎలా లొంగుతాయి? ఆ గుండిగ ఉండేది ఒక ఇంట్లో, వాడుకునేది నాలుగిళ్లవాళ్లు. మీరొక్కరే వాడలేదని దాన్ని పాత సామాన్లవాడి తూకంలో వేస్తే మిగతా మూడిళ్లకు ఎవరు జవాబు చెబుతారు?

ఇక ఈ వాదానికి మేరీ కొండో పేరు తగిలిస్తారు. ఇల్లు సర్దడం మీద ఆవిడ రాసిన పుస్తకం జపాన్‌లో 2010 చివర్లో వచ్చింది. 2019లో నెట్‌ఫ్లిక్స్ కార్యక్రమం ఆవిడ పేరును ఇంటింటికీ చేర్చింది. పుస్తకంలో ఆవిడ పెట్టిన పరీక్ష వేరు. వస్తువును చేతిలోకి తీసుకుని, అది మనసుకు సంతోషమిస్తుందో లేదో చూసుకొమ్మన్నారు. నెలల లెక్క ఆవిడది కాదు. చదవకుండానే ఆవిడ నెత్తిన రుద్దారు. పైగా ముగ్గురు పిల్లల తల్లయ్యాక ఇల్లు సర్దే పట్టుదల కొంత వదిలేశానని 2023 జనవరిలో ఆవిడే చెప్పారు. గురువు సడలించుకున్నా శిష్యులు సడలరే!

అసలు ‘పారేయడం’ అంటే ఎక్కడికి? ఇంట్లోంచి పోయినది లోకంలోంచి పోదు. హైదరాబాద్‌లో అయితే జవహర్‌నగర్ చెత్త డంపు దారి పడుతుంది. లేదా ‘పనమ్మాయికి ఇచ్చేశాం’ అంటారు. చిరిగిన దుప్పట్లు, తిరగని మిక్సీ, చెయ్యి విరిగిన కుర్చీ. మూడు పడగ్గదుల ఇంట్లో చోటు లేని కుర్చీకి ఒక్క గది ఇంట్లో చోటెక్కడిది? పనికొచ్చేది ఇస్తే అది ఇవ్వడం. పనికిరానిది అంటగట్టి పుణ్యం కూడా లెక్కేసుకోవడం అన్యాయం.

వాడని గొడుగు మీద ఇంత పట్టుదల చూపే ఈ సూత్రం, మొన్నటిదాకా వాడిన కూలర్ జోలికే పోదు. జూన్‌లో ఇంటికి అసలు ప్రమాదం అక్కడుంది. తొలకరి పడగానే కూలర్‌ను బాల్కనీ మూలకు నెట్టి పాత దుప్పటి కప్పేస్తారు. అడుగున నాలుగు వేళ్ల లోతు నీళ్లు అలాగే ఉంటాయి. తొట్టి లోపలి గోడ చూడండి. నీటి గీతకు కాస్త పైన, మిరియపు పొడి రాలినట్టు నల్లని నలకలు అంటుకుని ఉంటే అవి డెంగీ దోమ గుడ్లు కావచ్చు. నీళ్లు పారబోసినంత మాత్రాన అవి పోవు. తడి లేకపోయినా నెలల తరబడి బతికి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. అక్కణ్ణుంచి వారం పది రోజుల్లో దోమ. అందుకే తొట్టిని బ్రష్షుతో గోడలంతా రుద్ది కడగాలి, ఎండబెట్టాలి, గడ్డి తీసేయాలి. ఫ్రిజ్ వెనక నీళ్లు చేరే ట్రే సంగతీ అంతే. ఆరోగ్య శాఖవాళ్లు ‘ఫ్రైడే డ్రైడే’ అని మొత్తుకునేది ఇందుకే. ఏ వస్తువు ఎన్నాళ్లుగా వాడలేదన్నది ఇక్కడ ప్రశ్న కానే కాదు. నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, చెమ్మ ఎక్కడ పడుతుంది, గోడకు ఆనించిన అట్టపెట్టెలకు చెదలు ఎటు నుంచి వస్తాయి, ఇవీ ప్రశ్నలు.

నిజంగా ఇంట్లోంచి కదలాల్సినవి లేవా? ఉన్నాయి, వాటికి గడువూ ఉంది. కిందటి తరగతి పాఠ్యపుస్తకాలు బడి తెరవకముందే కింది తరగతి పిల్లకు చేరితే ఆ తల్లిదండ్రులకు ఒక ఖర్చు తప్పుతుంది. ఆగస్టులో ఇస్తే అవి చిత్తు కాగితాలు. సగం రాసిన నోటుబుక్కుల్లో తెల్ల కాగితాలు చింపి కుట్టుకుంటే ఒక రఫ్ నోటు. కథల పుస్తకాలకు విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాలున్నాయి, హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల సంత ఉంది. తూకానికి వేయడం దేనికి?

ఇంకో మాట. 2019 నాటి జాతీయ కాలవినియోగ సర్వే లెక్కలో ఇంటిపని చేసే ఆడవాళ్లు అప్పట్లో రోజుకు 299 నిమిషాలు దానికే పెట్టారు. ఇంటిపని చేసే మగవాళ్లు 97. సూత్రం చెప్పేవాళ్లలో ఎందరికి తమ ఇంటి పాలవెల్లి ఏ మూల ఉందో తెలుసు? ఉంచాలో తీసేయాలో తేల్చే హక్కు దాన్ని దించి, తుడిచి, మళ్లీ ఎక్కించే మనిషిది. తతిమ్మావాళ్లకు చేతినిండా పని ఉంది. కూలర్ తొట్టి ఇంకా ఎవరూ రుద్దలేదు.