ఆట ఎవరి ఫోన్‌లో ఆడాలి?

సొంతంగా గేమ్ తయారుచేయాలనుకున్న కుర్రాడు ముందుగా ఆరా తీసేది గ్రాఫిక్స్ కార్డు గురించే. యూట్యూబ్ చూసి లెక్కలు వేసుకుంటే కంప్యూటర్ ఖర్చు లక్ష దాటుతుంది. జనగామలోనో మానుకోటలోనో ఇంట్లో అంత డబ్బు అడిగే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? చాలామంది ఆలోచన అక్కడే ఆగిపోతుంది. కానీ ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. తయారైన ఆట ఏ యంత్రం మీద నడవాలి? ఆ యంత్రం తన చేతికీ, తన చుట్టూ ఉన్న పదిమంది చేతికీ అందుతుందా? ఇది తేలితే ఏ కంప్యూటర్ కొనాలో తేల్చుకోవడం పెద్ద పని కాదు.

ఐఫోన్ సంగతి త్వరగా తేలిపోతుంది. యాపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి, పైగా మ్యాక్ కావాలి. ప్లేస్టేషన్, నింటెండోలకైతే కంపెనీతో ఒప్పందం, వాళ్లిచ్చే ప్రత్యేక డెవ్‌కిట్ ఉండాలి. పుణెకు చెందిన నోడింగ్ హెడ్స్ సంస్థ తన ‘రాజీ’ గేమ్‌ను 2020 ఆగస్టులో మొదట నింటెండో స్విచ్‌లోనే విడుదల చేసింది. మన పురాణ వాతావరణంతో అల్లిన ఆ ఆట ముందుగా చేరింది మన దేశంలో అధికారికంగా అమ్మకానికే లేని యంత్రం మీదికి! వ్యాపారంగా అది సరైన ఎత్తుగడే. ఒంటరిగా మొదలుపెట్టేవాడికి మాత్రం ఆ దారి లేదు.

మిగిలినవి రెండు: పీసీ, ఆండ్రాయిడ్. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ను పీసీ కోసం, ఆన్‌లైన్ ఆటల దుకాణం స్టీమ్‌లో తెచ్చింది. స్టీమ్‌లో ఒక్కో ఆటకు 100 డాలర్లు కట్టాలి. అక్కడ జనం ఆటను డబ్బిచ్చి కొంటారు, అది పెద్ద ఆకర్షణ. ఇబ్బంది ఏమిటంటే, భూపాలపల్లిలో తన ఆటను పీసీ మీద ఆడి చూపించేవాళ్లను వెతకడమే ఒక ప్రాజెక్టు అవుతుంది. ఆడేవాడు ఎక్కడ తడబడ్డాడో, ఎప్పుడు విసుగొచ్చి పక్కన పెట్టాడో కళ్లారా చూడకుండా ఆటను బాగుచేయడం కష్టం.

ఆండ్రాయిడ్‌కు ఆ కొరత లేదు. ప్లేస్టోర్ ఖాతాకు ఒకేసారి 25 డాలర్లు కడితే చాలు. 2023 నవంబరు తర్వాత వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లకు గూగుల్ ఒక షరతు పెట్టింది: విడుదలకు ముందు పన్నెండు మంది వరుసగా పద్నాలుగు రోజులు పరీక్షకు నమోదై ఉండాలి. మొదట ఇరవై మంది కావాలన్నారు, తర్వాత తగ్గించారు. మహానగరంలో అపార్టుమెంటు తలుపులు మూసుకుని కూర్చునేవాడికి ఇది తలనొప్పి. మానుకోటలో క్రికెట్ ఆడే గ్రౌండుకు ఒక సాయంత్రం వెళ్తే తీరిపోయే పని. అక్కడ కనిపించే ఫోన్లు కూడా ఒక పాఠమే. ఫ్రీ ఫైర్ చిన్న ఊళ్లలో అంతగా పాకడానికి ప్రధాన కారణం తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్లలోనూ అది నడవడం.

ఇక ఎండ. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మామూలు ఫోన్‌కు ఫ్యాన్ ఉండదు. వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి చిప్ వేగం తగ్గించుకుంటుంది. ఆట సెకనుకు 60 ఫ్రేములు చూపించాలంటే ఒక్కో ఫ్రేమును దాదాపు 16 మిల్లీసెకన్లలో గీయాలి. ఏసీ గదిలో మొదటి ఐదు నిమిషాలు బ్రహ్మాండంగా నడుస్తుంది. మే నెలలో 44, 45 డిగ్రీలు తాకే భూపాలపల్లిలో, రేకుల ఇంట్లో, ఛార్జింగ్ పెట్టి ఆడుతుంటే పావుగంటకల్లా బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. వేలు కదిపిన కాసేపటికి గానీ తెర మీద మనిషి దూకడు. ఆడేవాడు ఫోన్‌ను తిట్టుకోడు, ఆటను తీసేస్తాడు. అందుకే మొదటి నుంచే 30 ఫ్రేములకు కట్టడి చేసుకుని, నీడలూ పొగలూ తగ్గించి, ఫ్రేముకు 33 మిల్లీసెకన్ల వెసులుబాటు పెట్టుకోవడం మేలు. ఇలా కుదించిన ఆట పాత ఆఫీసు పీసీ మీద కూడా హాయిగా నడుస్తుంది. పీసీ కోసం చేసిన భారీ ఆటను ఫోన్‌లోకి దించడం మాత్రం దాదాపు మళ్లీ తయారుచేయడమే.

ఆండ్రాయిడ్‌లో డబ్బు రాదు కదా అంటారు. నిజమే. మన దగ్గర ఆటను కొనేవాళ్లు తక్కువ, ప్రకటనల మీద వచ్చేది చిల్లర. మొదటి ఆట అన్నం పెడుతుందని నేను చెప్పను. ‘అమాంగ్ అస్’ 2018 జూన్‌లో ముందు ఫోన్లలోకే వచ్చింది, కొన్ని నెలల తర్వాత స్టీమ్‌లోకి వెళ్లింది, ప్రపంచమంతా ఆడింది 2020లో. అందరికీ అలాంటి అదృష్టం పట్టదు గానీ, ఫోన్ నుంచి పీసీకి పోయే వరస మాత్రం ఎవరైనా పాటించవచ్చు.

ఇక తయారీకి సెకండ్‌హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్ ఒకటి, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, కరెంటు పోతే పని పోకుండా యూపీఎస్ ఉంటే చాలు. జనగామ, మానుకోటల నుంచి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి ఒక్క రైలు దూరం. రైలు లేని భూపాలపల్లి వాళ్లు వరంగల్ దాకా బస్సెక్కాలి. గేమ్ ఇంజిన్‌గా నేనైతే గోడో 4 అంటాను. ఉచితం కావడం ఒక్కటే కారణం కాదు. 2023లో వచ్చిన ఈ వెర్షన్ తెలుగు ఒత్తులను సరిగ్గా కూర్చుతుంది. కొన్ని ఇంజిన్లలో తెలుగు రాస్తే ఒత్తులు అక్షరాన్ని వదిలి పక్కకు జరిగి నిలబడతాయి.

ఇక రాష్ట్ర ప్రభుత్వం సంగతి. 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ‘ఇమేజ్’ విధానం తెచ్చారు. 2017లో రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన చేశారు. పెద్ద కంపెనీలకు టవర్లు అవసరమే కావచ్చు. జిల్లాలో ఒంటరిగా కూర్చున్నవాడికి కావాల్సింది ఓ అలమరా: రకరకాల చిప్‌లు, తెరలు ఉన్న పాతిక ఫోన్లు, ఒక గేమ్‌ప్యాడ్, ఒక మ్యాక్ మినీ. ఎవరైనా వచ్చి తన ఆటను ఎక్కించి చూసుకోవాలి. దానికి కొత్త భవనం అక్కర్లేదు. జిల్లా గ్రంథాలయాలు ఉన్నాయి. వాటి కోసం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల సెస్సు వసూలవుతూనే ఉంది. ఈ అలమరాలో కొత్త ఫోన్ల కంటే పాతవాటికే విలువ కాబట్టి పెద్ద టెండర్లతో పనిలేదు. మొదటిది భూపాలపల్లిలో పెట్టవచ్చు. సింగరేణి బొగ్గు తవ్వుతున్న జిల్లా కనుక ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు నిధులు వస్తాయి. చదువుకూ నైపుణ్య శిక్షణకూ వాటిని ఖర్చు చేయడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. పరీక్షకు కావాల్సిన ఎండకైతే అక్కడ కొదవే లేదు.