మిర్చి ధారణలకు పరదేశపు చిరునామాలు

గుంటూరు మిర్చి ధరను గూగుల్‌లో ఇంగ్లీషులో వెతికితే యార్డు ధారణల పక్కనే విదేశీ వెబ్‌సైట్లూ వస్తుంటాయి. వెతికే మనిషి ఉన్న చోటును బట్టే ఆ దేశపు ఫలితాలు చూపే పద్ధతిని గూగుల్ 2017 అక్టోబరులో తెచ్చింది. అయినా చోటు ఒక్కటే చాలదు. భాష, సమాచారపు తాజాతనం, ఇతర సైట్ల నుంచి వచ్చే లింకులు కూడా లెక్కకు వస్తాయి.

ఎగుమతి ధర టన్నుకు డాలర్లలో ఉంటుంది; యార్డు బేరం క్వింటాలుకు రూపాయలలో. తేజానా, 334నా, తాలు ఎంత, తేమ ఎంత, ఓడ కిరాయి కలిసిందా అన్నది తేల్చుకోకుండా ఆ అంకెను నమ్మి కోల్డు స్టోరేజీలో సరుకు ఆపితే అద్దె, వడ్డీ మీద పడతాయి.

తప్పంతా పరాయి సైట్లది కాదు. స్థానిక ధారణలు వాట్సాప్‌లో చీటీల ఫొటోలుగా తిరిగి ఆ రాత్రికే మరుగున పడుతున్నాయి. ఆ సందేశాలు సెర్చి ఇంజనుకు అందవు. తేదీ, రకం, వచ్చిన టిక్కీలు, కనిష్ఠ, గరిష్ఠ ధరలను వర్తక సంఘాలు రోజూ తెలుగు అక్షరాలలో సొంత సైటులో ఉంచాలి. కొత్త పంట యార్డుకు చేరేలోగానే ఈ ఏర్పాటు జరగడం మేలు.