రాణి చేయి ఏమి చేస్తున్నది?

మధ్యయుగపు ఐరోపా లిఖితప్రతులలోని రాణుల చిత్రాలను గూర్చి ఒక మాట తరచుగా వినబడుతూ ఉంటుంది. "అవన్నీ అలంకారపు బొమ్మలు. రాజు ప్రక్కన కిరీటం పెట్టుకొని నిలబడిన భార్యలకు అధికారమెక్కడిది?" అని. ఎంత చదువుకొన్నవారు చెప్పినా సరే, ఈ మాటను నేను ఒప్పుకొనను. చిత్రాన్ని చూచి, చదవకుండా వదలిపెట్టినవారి మాట ఇది.

వాక్యానికి కర్త, కర్మ, క్రియ ఉన్నట్లే ఆ చిత్రాలకూ ఉన్నవి. నగలు, పట్టుబట్టలు, బంగారుపూత కేవలం విశేషణాలు. విశేషణాలను లెక్కబెట్టి వాక్యార్థం చెప్పబూనేవాణ్ణి ఏ గురువూ మెచ్చడు. ఎవరు ఏ ప్రక్కన ఉన్నారు? ఎవరు కూర్చున్నారు, ఎవరు మోకరిల్లారు? ఎవరి చేయి ఏమి చేస్తున్నది? అన్వయం కుదిరేది అక్కడ.

ఇంగ్లండులోని వించెస్టరులో, న్యూ మిన్‌స్టర్ అనే మఠంలో 1031 ప్రాంతాన సిద్ధమైన 'లిబెర్ వీటే' అనే గ్రంథాన్ని చూడండి. క్నూట్ రాజూ, రాణి ఎమ్మా బలిపీఠం మీద పెద్ద స్వర్ణశిలువను సమర్పిస్తున్నారు. రాజు ఒక చేత శిలువను, మరొక చేత కత్తిపిడిని పట్టుకొన్నాడు. బాగున్నది. కాని పైన కొలువైన క్రీస్తుకు కుడివైపున, మేరీమాతకు సరిగా దిగువన నిలిచినది ఎవరు? ఎమ్మా. క్రైస్తవ చిత్రసంప్రదాయంలో క్రీస్తు కుడివైపు గౌరవస్థానం. తీర్పునాడు పుణ్యాత్ములు నిలిచే చోటు. రాజుకు దక్కినది ఎడమ ప్రక్క. చిత్రకారుడు స్థలం చాలక ఇలా సర్దినాడని అందామా?

పదేళ్ళ తరువాత, 1041-42 ప్రాంతంలో, ఆ ఎమ్మాయే తన కీర్తిగాథను ఫ్లాండర్సుకు చెందిన ఒక సన్యాసిచేత లాటినులో వ్రాయించినది. మొదటి చిత్రంలో సింహాసనం ఒక్కటే, దాని మీద ఆమె. గ్రంథకర్త మోకరిల్లి పుస్తకాన్ని అందిస్తున్నాడు. ప్రక్కనుంచి తొంగిచూస్తున్నవారు ఆమె కొడుకులు హార్థక్నూట్, ఎడ్వర్డు. అప్పటికి ఇంగ్లండుకు రాజు హార్థక్నూట్! రాజు తొంగిచూస్తాడు, తల్లి కూర్చుంటుంది. కృతిని కన్యగా భావించి అంకితం పుచ్చుకొన్నవానిని 'కృతిభర్త' అన్నారు మనవారు. ఎమ్మాను పిలవడానికి ఆ మాట చాలదు.

"డబ్బిచ్చి చేయించుకొన్న ముఖస్తుతి కదా!" అని ఆక్షేపణ. అవును, చేయించుకొన్నదే. ఆ గ్రంథంలో ఆమె మొదటి భర్త ఎథెల్‌రెడ్ రాజు ఊసే లేదు. ఆ చిత్రంలోని ఎడ్వర్డు సాక్షాత్తూ ఆయన కొడుకే! ఒక రాజును చరిత్రలోనుంచి తప్పించగలిగిన స్త్రీని బొమ్మ అని ఎట్లా అనగలం? 1042లో హార్థక్నూట్ మరణించి ఎడ్వర్డు రాజైనాడు. 1043లో అతడు ప్రభువులను వెంటబెట్టుకొని వించెస్టరుకు వెళ్ళి తల్లి ధనాగారాన్ని స్వాధీనం చేసుకొన్నాడు. చిత్రం అబద్ధమైనదని దీనితో కొందరు తేల్చివేస్తారు. నాకు తోచేది వేరు. ఏ అధికారమూ లేని బొమ్మ మీదికి ఎవడూ పరివారంతో కదలిపోడు. ఆ చిత్రం జరుగుతున్న తగవులో ఒక వాదం. వాదం ఓడిపోవచ్చు, వాదించలేదనడం అన్యాయం.

ఇక ఫ్రాన్సు. 1226లో ఎనిమిదవ లూయీ మరణించేనాటికి కొడుకు తొమ్మిదవ లూయీకి పన్నెండేళ్ళు. తల్లి బ్లాంష్ రాజ్యభారం వహించినది. ఆ కాలపు ఒక సచిత్ర బైబిలు చివరి పత్రాలు న్యూయార్కులోని మోర్గన్ గ్రంథాలయంలో ఉన్నవి. వాటిలో ఎదురెదురుగా ఆసీనులైన రాణినీ రాజునూ ఈ తల్లీకొడుకులుగానే పండితులు గుర్తించారు. గడ్డం మొలవని రాజు చేతులు రాజచిహ్నాలతో నిండి ఉన్నవి. తల్లి చేతులు ఖాళీ. ఖాళీ గనుకనే అవి కొడుకువైపు చాచి మాటలాడుతున్నవి! రాజదండం లేదు గనుక అధికారం లేదనేవారు ఆ వ్రేళ్ళను చూడనే లేదు. 1248లో కొడుకు క్రూసేడుకు బయలుదేరినప్పుడు రాజ్యాన్ని మళ్ళీ ఆమెకే అప్పగించి వెళ్ళాడు; 1252లో కన్నుమూసేదాకా ఆమె దానిని నడిపినది.

1410-14 ప్రాంతంలో క్రిస్టీన్ ద పిజాన్ తన రచనల సంపుటాన్ని ఫ్రాన్సు రాణి ఇసబోకు సమర్పిస్తున్న చిత్రం మరొకటి. భర్త ఆరవ చార్లెస్‌కు 1392 నుండి మతిభ్రమణం. రాజ్యసభలో రాణికి అధికారం అప్పగించవలసివచ్చిన కాలమది. గోడల తెరల మీద ఫ్రాన్సు రాజచిహ్నమూ, ఆమె పుట్టినింటి బవేరియా చిహ్నమూ కలిసి ఉన్నవి. వ్రాసినది స్త్రీ, స్వీకరిస్తున్నది స్త్రీ, చుట్టూ ఉన్నవారు స్త్రీలు. ఆ గదిలో ఒక్క పురుషుడూ లేడు. ఇక్కడ రాణి ఎవరి ప్రక్కన అలంకారమో చెప్పండి!

ఈ రాణుల అధికారం నిరాటంకమని నేననడం లేదు. కొడుకు పసితనం, భర్త జబ్బు, వైధవ్యం - ఇటువంటి సందులలోనుంచే అది వచ్చినది, సందు మూసుకొన్నప్పుడు పోయినది. అంతమాత్రాన అది లేదనడం తగదు. సందు దొరికిన కాస్తకాలంలోనే వారు కలాన్నీ కుంచెనూ పనిలో పెట్టి, తమ పక్షాన్ని చర్మపత్రాల మీద నిలిపారు. వారిని అలంకారమని త్రోసిపుచ్చితే ఆనాడు ఎడ్వర్డు ధనాగారం దోచినట్లే ఈనాడు మనం వారి సాక్ష్యాన్ని దోచినట్లవుతుంది. కిరీటాన్ని తరువాత చూడవచ్చు. ముందు ఆ చేతిని చూడండి.